మైసమ్మ మెట్టు తడిసే ఎత్తు

మొన్న పొద్దున మా వీధి మొగలో మున్సిపాలిటీలో పనిచేసే ఒకామె చీపురు పక్కన పెట్టి, తట్టలోంచి సున్నం పిడికిట్లోకి తీసుకుంటూ రోడ్డు అంచున గీత పోస్తోంది. ఎవరో పెద్దమనిషి ఆ దారిన వస్తున్నాడట. గీత కాసేపు రోడ్డు మీదికి, కాసేపు మోరీలోకి పోతోంది. నేను చూస్తున్నానని గమనించి, "పగటీలికి కార్లు తొక్కి పోతయి తియ్యి సార్. సక్కగుంటే ఏంది, వంకరుంటే ఏంది" అంది.

నాకు తెలిసిన సున్నం గీత ఇంకొకటి ఉంది. చూసేవాళ్లకు అది ఇంతకన్నా వంకర. ముళ్లకంపలో దూరి, ప్రహరీగోడలు దాటి, ఒకచోట పాములా వెనక్కి తిరిగి వచ్చింది. కానీ దాని మీద ఎక్కడ కొలిచినా ఎత్తులో వేలెడు తేడా లేదు. కొలిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ గీత పోసినాయన బడి మొహం చూడలేదు. పేరు రాయను. బతికుండగా ఒకసారి పేపర్లో పేరు వేస్తానంటే తల అడ్డంగా ఊపి, "నా పేరెందుకు సార్, నేనేమన్న నిండుతనా, ఎండుతనా" అన్నాడు. చెరువు పేరూ రాయడం లేదు. దాని మీద కేసులు ఇంకా నడుస్తున్నాయి.

నేరేడ్‌మెట్ దాటాక, మౌలాలి గుట్ట దూరంగా కనబడే చోట ఉంది ఆ చెరువు. బొల్లారం వైపు పడిన వాన ఒక చెరువును నింపి, అది పొర్లితే కిందిదాన్ని నింపి, మెట్లు దిగినట్టు దిగి వస్తుంది. ఆ వరసలో ఇది మూడోది. ఆయన దానికి నీరటి. తూము తెరిచి పొలాలకు నీళ్లు వదలడం, కట్టను కాపాడుకోవడం, చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే రాతిగోడను కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. ఆ రాతిగోడను మా వైపు అలుగు అంటాం. ఆయన మత్తడి అనేవాడు. తండ్రి చేశాడు, తాత చేశాడు. నేను ఆయన్ని కలిసేనాటికి తూము కింద ఒక్క మడి కూడా మిగల్లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఊరిని ఒక్కసారిగా ఉబ్బించిన రోజులవి. కట్ట మీద నిలబడితే నీళ్ల కన్నా ముందు "లేక్ వ్యూ" అని రాసిన బోర్డులు కనబడేవి.

ఒక వానాకాలం చెరువు పక్కన కాలనీ మునిగిందని తెలిసి వార్త కోసం వెళ్లాను. అందరూ చెరువును తిడుతున్నారు. ఆయనొక్కడే మత్తడి పక్కన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, రాళ్లను ఒక్కొక్కటే కాలితో నొక్కి చూసుకుంటున్నాడు. నెత్తికి రుమాలు, పైకి ఎగదోపిన ధోతి, చంకలో చెప్పుల జత. నీరటినని చెప్పాడు.

"పొలాలే లేవు కదా పెద్దాయనా, ఇంకా నీరటి ఏమిటి?" అన్నాను.

"పొలాలు పోయినయ్ సార్. నీళ్లకు ఆ సంగతి ఎవలన్న చెప్పిన్రా?"

ఆ రోజు రాసిన వార్తలో ఆ మాట లేదు. చోటు చాల్లేదు. కానీ తర్వాత ఏ చెరువు గురించి రాసినా ఆయన్ని అడక్కుండా రాయలేదు.

కట్ట మొదలు రాగానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. భక్తి అనుకుని నేనూ బూట్లు విప్పాను. "భక్తి గిక్తి ఏం లేదు సార్, నువ్వేసుకో. ముల్లు గుచ్చుకుంటది. నాకైతే చెప్పులేసుకుంటే కట్ట ఏం చెప్తున్నదో ఎర్కగాదు" అన్నాడు. నడుస్తూ నడుస్తూ ఆగి, మడమతో రెండుసార్లు తట్టి, అక్కడ ఎండ్రికాయ బొరియ ఉందని చెప్పేవాడు. గడ్డి పక్కకు తీస్తే ఉండేది. బంకమట్టి ముద్ద పెట్టి మూసేవాడు. వేప మొక్క మొలిస్తే పీకేసేవాడు. చెట్టు పెరిగితే వేరు కట్టను చీలుస్తుంది. మొక్కలు నాటే కార్యక్రమానికి వచ్చిన కాలనీ పెద్దలు నాటి వెళ్లిన మొక్కల్ని కూడా మర్నాడు పొద్దున్నే అలాగే పీకి, తీసుకెళ్లి వాళ్ల పార్కులో నాటి వచ్చాడు. వాళ్లకు ఎప్పటికీ తెలియలేదు.

నిండిన రోజుల్లో కట్ట వెనక అడుగున కూర్చుని మట్టిని అరచేత్తో తడిమేవాడు. కొంచెం చెమ్మ ఊరుతుంటే నేను కంగారు పడ్డాను. ఆ నీటిబొట్టును వేలి మీద పట్టి నాకు చూపించాడు. తేటగా ఉంది. "కట్టకు చెమట పడితే పరేషాన్ ఏం లేదు సార్. మన్ను కలిసి ఎర్రగొస్తే అది నెత్తురు. అప్పుడు ఉరకాలె." తర్వాతెప్పుడో ఒక పెద్ద ఇంజనీరును అడిగితే ఇదే సంగతి చెప్పడానికి అరగంట తీసుకున్నాడు.

సెల్‌ఫోన్లు చవకైన కొత్త. ఆయన దగ్గరా ఒకటి ఉండేది, రబ్బరు బ్యాండు చుట్టి. మాట్లాడటానికి వాడేవాడు కాదు. పై చెరువు నీరటి తన మత్తడి పొర్లగానే ఈయనకు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. రెండు వస్తే కట్టకు ప్రమాదమని అర్థం. వెనకటి రోజుల్లో ఇదే కబురు వాగు వెంట మనిషి పరిగెత్తి చెప్పేవాడట. ఈయన చెరువు పొర్లినప్పుడు కిందికి చెప్పాలి. కింద చెరువే లేదు.

"నువ్వుండేది యాడ సార్?" అని అడిగాడొకసారి. మా అపార్ట్‌మెంటు గుర్తులు చెప్పాను. సినిమా హాలు, పెట్రోలు బంకు, దాని వెనక గల్లీ. విని చాలాసేపు నవ్వాడు. "గదే కింద చెరువు. నువ్వు మత్తడి కాడ పంటున్నవ్ సార్. మంచిదే, ఇగ నీకే ఇస్త కాల్. ఎత్తొద్దు. మల్ల చెయ్యొద్దు. మోగిందంటే కిందోళ్లకు చెప్పు." నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ఏడు ఒక మధ్యాహ్నం ఒకే ఒక్కసారి మోగింది. పనిలో ఉండి పట్టించుకోలేదు. సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా సెల్లార్‌లో స్కూటర్లు హ్యాండిళ్ల దాకా మునిగి ఉన్నాయి. ఆ తర్వాతి వానకు మళ్లీ మోగినప్పుడు మాత్రం కింది వాచ్‌మన్‌కు పరుగున వెళ్లి చెప్పాను.

తర్వాత మూడేళ్లు వానలు సరిగ్గా లేవు. చెరువు సగానికి మించి నిండలేదు. ఆ ఎండిన ఒడ్డున ఇళ్లు లేచాయి. ఆయన కూతురు ఇల్లు కూడా. అల్లుడు ఆటో నడిపేవాడు, ఆమె జాకెట్లు కుట్టేది. రెండే గదులు. నేల చెరువు వైపు పల్లంగా ఉండటంతో ముందు గది ఎత్తులో, వెనక గది ఒక మెట్టు కింద. ఆ వెనక గది కిటికీ దగ్గర కుట్టు మిషన్. ఆయన నన్ను ఆ ఇంటికి ఒకసారి తీసుకెళ్లి, కూతురు చేత టీ పెట్టించాడు. మిషన్ తొక్కుతూ కూడా నీళ్లు కనబడతాయని ఆమె సంబరం.

వానలు మళ్లీ బాగా పడిన ఏడాది, ఒక ఉదయం ఆయన సికింద్రాబాద్‌లోని మా ఆఫీసుకు వచ్చాడు. ఎన్నడూ రానివాడు. ఉతికిన ధోతి, కాళ్లకు చెప్పులు. ముఖం బాగాలేదు. ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లాను.

"మత్తడి దుంకుతున్నది సార్" అన్నాడు.

"మంచిదే కదా?"

"అమ్మ కాళ్లు తడవకముందే దుంకుతున్నది."

నాకు అర్థం కాలేదు. చెప్పాడు. కట్ట లోపలి వాలులో కట్ట మైసమ్మ గద్దె ఉంది. దాని కింది మెట్టు తడిసిందంటే చెరువు నిండినట్టు, అదే వేళకు మత్తడి మొదలవ్వాలి. ఆయన తాత నాటి నుంచి అంతే. బోనం ఆ రోజే ఎత్తేవాళ్లు. ఇప్పుడు మెట్టుకు జానెడు కిందే నీళ్లు ఆగిపోయి, మత్తడి మీంచి పొర్లిపోతున్నాయి.

"అంటే?"

"మత్తడి మీద ఒక వరస రాళ్లు లేవు సార్. మూడేండ్ల కింద రిపేరని వచ్చిన్రు. ఎవలో తెల్వదు. రాళ్లు తీసిన్రు, పైన సక్కగ సిమెంటు చేసిన్రు. చెరువుకు ఎవలన్న సిమెంటు తెస్తే మంచికే అనుకున్న. పదిరోజులు పొద్దుమాపు నేనే తడిపిన ఆ సిమెంటును. బిందెతోని."

నేను టీ కప్పు వైపు చూస్తూ, ఒక్క జానెడే కదా అన్నాను. ఆయన నా సాసర్ దగ్గరకు లాక్కుని అందులో కొంచెం టీ పోశాడు. మధ్యలో రూపాయి బిళ్లంత నిలిచింది. ఇంకొంచెం పోశాడు. టీ ఎత్తు పెద్దగా పెరిగినట్టు లేదు, కానీ అంచుల దాకా పాకింది. "మత్తడి కాడ జాన. ఒడ్డున ఎన్ని ప్లాట్లో నువ్వే లెక్క పెట్టుకో."

సాసర్‌ను నా ముందుకు జరిపాడు. తాగమన్నట్టు కాదు. అందులోకే చూస్తూ, "ఇల్లు కట్టేటప్పుడు అల్లుడు నన్ను తీస్కపోయి అడిగిండు, మామా, నీళ్లు ఈడిదాక వస్తయా అని. నేను మత్తడి కాడ నిలబడి, కన్నువెట్టి చూసి, రావు అన్న. మత్తడిని చూసి చెప్పిన సార్. అమ్మ మెట్టును చూసి చెప్పలే" అన్నాడు.

ఇప్పుడాయన ఊరుకుంటే మత్తడి తగ్గిందని చెప్పగలిగినవాళ్లు ఇంకెవరూ లేరు. నోరు విప్పితే మత్తడి మళ్లీ లేస్తుంది, నీళ్లు కూతురి కుట్టు మిషన్ కిందికి వస్తాయి. నేను ఆ మాట అనలేదు. ఆయనే, "చెప్పకపోతే ఎట్ల సార్" అని లేచాడు.

మేం రాసిన వార్త వల్లో, మరెందువల్లో, చెరువు హద్దులు తేల్చడానికి ఎండాకాలంలో ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసు, సికింద్రాబాద్‌లో స్థిరపడిన కోస్తా టీచరమ్మ కూతురు, మెడలో సన్న గొలుసుకి శిలువ. మూడుకాళ్ల మీద లెవెల్ మిషన్ నిలబెట్టి, మత్తడి ఎత్తు చూసుకుంది. ప్లాట్ల వాళ్లు పది మంది చెట్టు నీడన నిలబడి ఉన్నారు.

"తాతా, మీరు చెప్పేది నిజమే కావచ్చండి. కానీ ఇప్పుడున్న మత్తడే మాకు లెక్క. పాత ఎత్తుకి సాక్ష్యం ఏముంది?"

"అమ్మ మెట్టు."

నీడనున్న వాళ్లలో ఒకడు నవ్వాడు. "మైసమ్మ వచ్చి సంతకం పెడ్తదా మేడమ్?"

ఇంజనీరమ్మ నవ్వలేదు. "ఒక్క రాయి చాలదు తాతా. అది ఎవరైనా ఎప్పుడైనా పెట్టి ఉండొచ్చంటారు."

ఆయన కాసేపు నేల చూశాడు. "ఒక తట్ట సున్నం తెప్పియ్యి బిడ్డ. మెట్టు కాడికెల్లి షురూ చేస్త. నీళ్లు యాడాడిదాక వచ్చేటివో గీసుకుంట పోత. నీ మిషన్ తోని కొలువు. ఒక్క కాడ ఎక్కువ తక్కువ వస్తే నా మాట చెరువుల పారెయ్యి. అంతట ఒక్కతీరుగ వస్తే రాసుకో."

ఆమెకు ఆ లెక్క నాకన్నా ముందు అర్థమైంది. ఎండిన నేల మీద, మిషన్ లేకుండా, చెరువు చుట్టూ ఒకే ఎత్తున ఎవరూ ఊహించి నడవలేరు. నీళ్లు ఒకప్పుడు నిజంగా అక్కడ నిలిచి, ఆ మనిషి ఆ ఒడ్డును చూసి ఉంటే తప్ప. సున్నం తెప్పించింది.

చెప్పులు చంకలో పెట్టుకున్నాడు. తట్ట ఎడమ చంకన. మెట్టు అంచున వంగి మొదటి పిడికిలి పోశాడు. ఇక తల ఎత్తలేదు. నేను, ఇంజనీరమ్మ, కొలకర్ర పట్టుకున్నతను, ప్లాట్ల వాళ్లు, అందరం వెనక. ఆయన కాళ్లు నేలను వెతుక్కుంటూ పోతున్నాయి. ఒకచోట ఆగి, బొటనవేలితో మట్టి గీకితే నత్తగుల్లలు తేలాయి. తల ఊపుకుని ముందుకు. ఒక బండ పక్కన గీత ఒక్కసారి వెనక్కి తిరిగింది. "గాడెందుకు తిప్పినవ్?" అన్నాడొకడు. "ఈడ నేను చేపలు పట్టిన, నువ్వు పట్టినవా?" అన్నాడు, ఆగకుండా. ప్రహరీగోడ వస్తే ఇవతల పోసి, గేటులోంచి చుట్టి వచ్చి, అవతల అదే చోట అందుకునేవాడు. ఒకచోట గీత లేక్ వ్యూ బోర్డు రెండు కాళ్ల మధ్యలోంచి పోయింది. ఎండ మండిపోతోంది. వెనక మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇరవై ఏళ్లకు పైగా మంత్రుల వెంట, ఊరేగింపుల వెంట నడిచాను. ఒక మనిషి వెనక అంత నిశ్శబ్దంగా జనం నడవడం అప్పుడే చూశాను.

కూతురి ఇల్లు వచ్చింది. గీత సరిగ్గా పక్క గోడ మధ్యకి వెళ్లి తగిలింది. ఆయన చుట్టి ముందు వాకిలికి వచ్చి నిలబడ్డాడు. ఆమె గడపలో ఉంది. అంతా ముందే చూసినట్టుంది.

"బిడ్డ, చాప తియ్యి."

ఆమె కదల్లేదు. "నువ్వే గద నాయిన, రావంటివి."

"అన్న బిడ్డ. తప్పు చెప్పిన."

పది మంది ముందు, అంతే అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి చాప చుట్టింది. ఆయన ముందు గది దాటి, రెండు గదుల మధ్య మెట్టు అంచున ఈ గోడ నుంచి ఆ గోడకు సున్నం పోశాడు. ముందు గది ఇవతల. మిషన్ ఉన్న వెనక గది అవతల. ఆమె గోడకు ఆనుకుని, కుడుతున్న జాకెట్ గుడ్డ ఛాతీకి అదుముకుని చూస్తోంది. ఆయన బయటికి వచ్చి అవతలి గోడ దగ్గర మళ్లీ అందుకున్నాడు.

ఇంజనీరమ్మ ఆ పూటంతా కొలిచింది. నత్తగుల్లల దగ్గర, బండ దగ్గర, బోర్డు కింద, కూతురి ఇంటి మెట్టు మీద. చివరికి మైసమ్మ దగ్గరకు వచ్చి, తన చెప్పులు విప్పి పక్కన పెట్టి, కొలకర్ర కింది మెట్టు మీద ఆనించింది.

"నీకు ఈ అమ్మ లేదు గద బిడ్డ" అన్నాడాయన.

"మెట్టు ఉందిగా తాతా" అని, మిషన్‌లో కన్ను పెట్టి, కాగితం మీద రాసుకుంది. రాసుకున్నవాటిని కింది నుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత కాగితం నాకిచ్చింది. అన్నీ ఒకటే అంకె. చివర వేలెడు లోపే అటూ ఇటూ. ఆమె ఆయన పాదాల వైపు చూసి, "ఎలా?" అంది.

"మత్తడి దుంకిన నాడు నీరటి ఒడ్డు చుట్టు నడవాలె. ఒక కాలు నీళ్లల్ల, ఒక కాలు ఒడ్డు మీద. కట్ట యాడ మెత్తబడ్డదో, నీళ్లు యాడ దారి చేస్కుంటున్నయో చూసుకుంట. నిండినప్పుడల్ల నడిచిన. ఎన్నిసార్లంటే ఏం చెప్త." అరికాలికంటిన సున్నం తుడుచుకున్నాడు.

తర్వాతి ఎండాకాలానికి తీసేసిన వరస రాళ్లు మత్తడి మీదికి మళ్లీ వచ్చాయి. హద్దురాళ్లు కొన్ని నిలిచాయి, కొన్ని కోర్టులో ఉన్నాయి. అల్లుడు మామతో మాట్లాడటం మానేసి, మౌలాలిలో అద్దెకు గదులు చూసి, కుట్టు మిషన్ ఆటోలో వేసుకుని భార్యతో వెళ్లిపోయాడు.

ఆ వానాకాలం నాకు మిస్డ్ కాల్ వచ్చింది. కింద చెప్పవలసింది చెప్పి, చెరువుకు వెళ్లాను. మైసమ్మ కింది మెట్టు మీద నీళ్లు సన్నగా ఆడుతున్నాయి. మత్తడి దూకుతోంది. ఆయన ఒడ్డు వెంట నడుస్తున్నాడు, ఎడమ కాలు నీళ్లలో, కుడి కాలు గట్టున. తలుపులు తీసేసిన కూతురి ఇల్లు వచ్చింది. లోపలికి వెళ్లాం. వెనక గదిలో చీలమండల లోతు నీళ్లు, మెట్టు అంచు వరకు వచ్చి ఆగాయి. సున్నం ఎప్పుడో పోయింది. నీళ్ల అంచు సరిగ్గా అది ఉన్నచోటే ఉంది. ఆయన ఒక పాదం కింది గదిలో, ఒక పాదం మెట్టు మీద పెట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. బయటికి వస్తే కూతురు నిలబడి ఉంది. మౌలాలి నుంచి బస్సులో వచ్చిందట. చెప్పులు విప్పి, చంకలో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఎడమ కాలు నీళ్లలో వేసింది.

మిగిలిన ఒడ్డు ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచారు. నేను కట్ట మీద ఉండిపోయాను.

ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. పోయాడన్న కబురు వారం ఆలస్యంగా తెలిసింది. ఫోన్‌లో ఆ నంబరు తీసేయడానికి చేయి రాలేదు.

మరుసటేడు ఒక ఆదివారం, భోజనం ముందు కూర్చుని ఉండగా ఫోన్ మోగి ఆగింది. ఆయన నంబరు. కంచం ముందు అలాగే కూర్చుని రెండోది వస్తుందేమోనని ఎదురు చూశాను. రాలేదు. తిరిగి చేయలేదు. చేయకూడదు. చేయి కడుక్కుని కిందికి దిగి, సెల్లార్‌లోంచి బళ్లు బయటికి తీయించమని వాచ్‌మన్‌తో చెప్పాను.

అతను ఆకాశం వైపు చూశాడు. మా దగ్గర చినుకు కూడా లేదు. "ఎవలు చెప్పిన్రు సార్?"

"పై చెరువు నీరటి" అన్నాను. "వాళ్ల నాయిన పోయాక ఆమే చూస్తోంది."